ఆ కౌగిలిని గీసిందెవరు?

“ఆమె చేతులకేమన్నా నీళ్ళ జబ్బా మేడమ్?”

డిగ్రీ రెండో సంవత్సరం క్లాసులో ఒక అమ్మాయి నన్నడిగిన ప్రశ్న ఇది. పొదిలి వైపు నుంచి రోజూ బస్సులో మార్కాపురం వచ్చి చదువుకునే పిల్ల. నేను చెప్పేది ఇంగ్లీషు. ఆ రోజు పాఠంలో మృత్యువు మనిషిలాగా వచ్చి తలుపు తడుతుంది. అలాంటి ఊహ కవులకే కాదు, చిత్రకారులకీ ఉందని చెప్పడానికి ఒక బొమ్మ కలర్ జిరాక్స్ తీయించుకుని వెళ్ళాను. ఆస్ట్రియా చిత్రకారుడు ఎగాన్ షీలె 1915లో వేసిన ‘మృత్యువూ యువతీ’. అసలు బొమ్మ 150 సెంటీమీటర్ల ఎత్తు, 180 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెద్ద ఆయిల్ పెయింటింగ్. వియన్నాలో బెల్వెడేర్ మ్యూజియంలో ఉంది. నా చేతిలో ఉన్నది ఏ-ఫోర్ కాగితం. జిరాక్స్ మిషను అందులోని గోధుమరంగుని మరికాస్త నల్లబరిచింది. క్లాసంతా తిరిగొచ్చేసరికి నాలుగు మడతలు పడింది.

బొమ్మలో ఇద్దరున్నారు. ముదురు రంగు అంగీ, సన్యాసులు వేసుకునేలాంటిది, తొడుక్కున్న మగవాడు. అతని గుండెకి తల ఆనించి ఒక అమ్మాయి. వాళ్ళ కింద నలిగిన తెల్లటి దుప్పటి. పడక దుప్పటో, కప్పే గుడ్డో చెప్పలేం. చుట్టూ రాళ్ళూ మట్టీ తప్ప ఇల్లు లేదు, చెట్టు లేదు. అతని కళ్ళు పెద్దవిగా తెరుచుకుని ఉన్నాయి గానీ ఆమెని చూడటం లేదు. ఒక చెయ్యి ఆమె తల మీద ఉంది. ఇంకో చెయ్యి భుజం మీద ఉంది, అది దగ్గరికి తీసుకుంటోందా, నెడుతోందా అన్నది ఎంతసేపు చూసినా తేలదు. ఆమె చేతులు మాత్రం అతని చుట్టూ తిరిగి వచ్చాయి. సన్నటి, ఎముకలు తేలిన చేతులు. కౌగిలి అయితే అరచేతులు అతని వీపు మీద ఆనాలి కదా? ఆనలేదు. వేళ్ళు కొసల దగ్గర మాత్రం కొక్కెం లాగా తగులుకుని ఉన్నాయి. ఎవరైనా కొంచెం కదిలితే ఊడిపోయేటట్టు.

ఆ పిల్ల అడిగింది ఆ చేతుల గురించే. “మా జేజికీ మోచెయ్యి సాగదు మేడమ్. ఇట్టనే ఉంటది” అని తన చెయ్యి వంచి చూపించింది.

ఎక్స్‌ప్రెషనిజం అంటే ఏమిటో చెప్పడానికి నేను తయారుగా ఉన్నాను. కంటికి కనిపించింది కాకుండా లోపల అనుభవించింది గీయడం, అందుకోసం శరీరాన్ని వంచడం, సాగదీయడం, రంగుల్ని కలవరపెట్టడం. ఇవన్నీ నోట్సులో ఉన్నాయి. ఆ ప్రశ్న విన్నాక ఆ నోట్సు చెప్పలేకపోయాను. మా పడమటి ప్రకాశంలో వంకర తిరిగిన శరీరం ఒక శైలి కాదు, దానికో కారణం ఉంది. 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటిసారి వివరంగా రాసింది అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల మనుషుల్ని చూసే. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు ఇక్కడి బోర్లలో అంతకు మించి ఉంటుంది. పళ్ళ మీద గోధుమరంగు చారలతో మొదలవుతుంది. ముదిరితే కీళ్ళు బిగుసుకుంటాయి, నడుము వంగుతుంది, మెడ తిరగదు. వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది 1996లో. కృష్ణా నీళ్ళు వస్తాయని వింటూ పెరిగిన పిల్లలకి పిల్లలు పుట్టారు. ఈ ప్రాంతం ఆడపిల్ల నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే సిగ్గనుకునేవాళ్ళు వేరే ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళయి ఉంటారు.

ఆ ప్రశ్న చిత్రకళా చరిత్ర ప్రకారం తప్పు. కానీ దాన్ని పట్టుకునే నేను ఈ బొమ్మని మళ్ళీ మొదటి నుంచి చూడాల్సి వచ్చింది. అంతకుముందు పదిహేనేళ్ళుగా ఈ బొమ్మ నాకిష్టం. యూనివర్సిటీ లైబ్రరీలో ఒక బరువైన పుస్తకంలో చూసి, ఎందుకో తెలియకుండా ఏడ్చిన బొమ్మ. ‘యవ్వనమూ మృత్యువూ ఒకే దుప్పటి మీద’ అని డైరీలో రాసుకున్నాను కూడా. ఇప్పుడా వాక్యం చూస్తే కాస్త సిగ్గుగా ఉంది. బాగానే ఉంది, కానీ అందులో మనిషెవరూ లేరు.

మనిషి ఉంది. ఆమె పేరు వాలీ. పూర్తి పేరు వాల్‌బుర్గా నోయిజిల్. 1894లో వియన్నాకి దగ్గర్లో టాటెన్‌డార్ఫ్ అనే పల్లెలో పుట్టింది. పేద కుటుంబం. 1911లో షీలెకి పరిచయమయ్యేనాటికి ఆమెకింకా పదిహేడేళ్ళు నిండాయో లేదో. అతనికి ఇరవై ఒకటి. నాలుగేళ్ళు అతనికి మోడల్, సహచరి, బొమ్మలు కొనేవాళ్ళ దగ్గరికి తిరిగే మనిషి, ఇంటి పని చేసే మనిషి. పెళ్ళి కాకుండా కలిసి ఉంటున్నారని క్రుమావ్ అనే ఊరు వాళ్ళని వెళ్ళగొట్టింది. తర్వాత నోయిలెంగ్‌బాఖ్ అనే ఊళ్ళో 1912 ఏప్రిల్‌లో షీలెని అరెస్టు చేశారు. ఇంటి నుంచి పారిపోయి వచ్చిన ఒక చిన్నపిల్ల విషయంలో మోపిన పెద్ద నేరాలు నిలబడలేదు. పిల్లల కంటపడేచోట అశ్లీల చిత్రాలు ఉంచాడన్న నేరం మాత్రం నిలిచింది. మొత్తం 24 రోజులు నిర్బంధంలో ఉన్నాడు. జడ్జి అతని డ్రాయింగ్ ఒకటి కోర్టులోనే కాల్చాడు. ఈ కథ చెప్పేటప్పుడు కళాకారుడి స్వేచ్ఛ గురించి చాలా పేజీలు రాస్తారు. అతని ముందు బట్టలు విప్పి నిలబడిన పేదింటి పిల్లల గురించి అన్ని పేజీలు రాయరు. అది వేరే వ్యాసానికి సరిపడా విషయం, ఇక్కడితో వదిలేస్తున్నాను. ఆ రోజుల్లో జైలుకి తిండీ రంగులూ పట్టుకెళ్ళింది మాత్రం వాలీ. ఆమె ఇచ్చిన నారింజపండు ఒకటి జైలు గదిలో వేసిన బొమ్మలో మెరుస్తూ ఉంటుంది.

1914లో వియన్నాలో అతని స్టూడియోకి ఎదురింట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. చదువుకున్న, మర్యాదస్తుల కుటుంబం. పరిచయం చేసుకోవడానికి కూడా అతను వాలీనే తోడు తీసుకెళ్ళాడు, నమ్మకం కలగడానికి. 1915 ఫిబ్రవరిలో తన మిత్రుడూ విమర్శకుడూ అయిన ఆర్తూర్ రోస్లర్‌కి రాసిన ఉత్తరంలో తాను పెళ్ళి చేసుకోబోతున్నాననీ, అది లాభసాటిగా ఉండాలనీ, వాలీని మాత్రం కాదనీ చెప్పాడు. లాభసాటి. ఈ మాట నేను అనువాదంలోనే చదివాను, అయినా మాకు తర్జుమా అవసరం లేని మాట అది. జూన్ 17న ఈడిత్ హార్మ్స్‌ని పెళ్ళి చేసుకున్నాడు. రోస్లర్ చెప్పినదాని ప్రకారం, విడిపోయేటప్పుడు వాలీకి ఒక కాగితం ఇచ్చాడు. ఏటా వేసవిలో ఇద్దరూ కలిసి సెలవులు గడుపుదామన్న ఒప్పందం అందులో ఉంది. ఆమె అక్కర్లేదంది.

ఆ తర్వాత వాలీ నర్సు పని నేర్చుకుంది. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతోంది. రెడ్‌క్రాస్ నర్సుగా వియన్నాలో, 1917లో డాల్మేషియాలో సిన్ అనే ఊళ్ళో (ఇప్పుడది క్రొయేషియా) సైనికుల ఆసుపత్రిలో పనిచేసింది. అక్కడే స్కార్లెట్ ఫీవర్ సోకి, ఆ ఏడాది డిసెంబర్ 25న చనిపోయింది. వయసు 23. మొదట ‘పురుషుడూ పిల్లా’ అన్న పేరుతో ఉన్న ఈ బొమ్మకి, ఆమె మరణవార్త విన్నాక షీలె ‘మృత్యువూ యువతీ’ అని పేరు మార్చాడని చాలామంది రాశారు. పదినెలలు తిరక్కుండానే ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. 1918 అక్టోబర్ 28న ఆరునెలల గర్భిణి ఈడిత్, మూడు రోజులకి అక్టోబర్ 31న షీలె పోయారు. అతనికి 28 ఏళ్ళు. అదే జబ్బు మన దేశంలో కోటికి పైగా మనుషుల్ని తీసుకుపోయింది. వాళ్ళలో ఎవరి చేతులూ ఏ బొమ్మలోనూ లేవు.

ఇంత జీవితచరిత్ర చెబితే మా సహోద్యోగి ఒకాయనకి కోపం వచ్చింది. “బొమ్మని బొమ్మగా చూడండమ్మా, వాళ్ళ ఇంటి గొడవలు మనకెందుకు” అన్నారు. కళ మీద ఆయనకి గౌరవం ఉంది, అందుకే జవాబు చెప్పాలి. జీవితం తెలియకుండా చూసినప్పుడు ఈ బొమ్మ ఏం చెబుతుంది? మృత్యువు వచ్చింది, యవ్వనం దాన్ని పట్టుకుని వేలాడుతోంది. వెళ్ళేది అతను. అంటిపెట్టుకున్నది ఆమె. అతనికి బాధగా ఉంది, కళ్ళలో భయం కూడా ఉంది, కానీ తప్పదు. ఎందుకు తప్పదు? విధి కాబట్టి. బొమ్మ మాత్రమే చూస్తే మనకి మిగిలేది విధి. ఉత్తరం చదివితే మిగిలేది ఒక నిర్ణయం, దాని వెనక ఉన్న లాభనష్టాల లెక్క. ఆ లెక్కని చావంత పెద్దది చేసి చూపించింది కళే. అలాంటప్పుడు ఇంటి గొడవలు మనకి అక్కర్లేదని ఎట్లా అంటాం?

అసలు ఈ బొమ్మలో నాకు దొరకనిది ఆమె ‘అక్కర్లేదు’ అన్న మాట. వాలీ జీవితంలో మనకి తెలిసిన అతి గట్టి క్షణం అది. రోడ్డున పడబోతున్న ఇరవయ్యేళ్ళ పేదపిల్ల, అంతో ఇంతో పేరున్న ప్రేమికుడు ఏడాదికోసారి వస్తానంటే వద్దంది. వద్దని ఊరుకోలేదు, ఒక పని నేర్చుకుంది. అది ఏ కాన్వాసు మీదా లేదు. బొమ్మలో ఆమె ఎప్పటికీ మోకాళ్ళ మీదే ఉంటుంది, ఎప్పటికీ వేళ్ళు తగిలించుకునే ఉంటుంది. వదిలేసినవాడు గీశాడు కాబట్టి తనని వదల్లేని మనిషిగానే ఆమెని గీశాడు. ఆమె చేతులు వదిలిన క్షణం అతనికి కనిపించకపోయి ఉండొచ్చు. కనిపించినా గీయడానికి పనికొచ్చినట్టు తోచకపోయి ఉండొచ్చు.

పేరు గురించి ఒక మాట. జర్మన్‌లో ఉన్న మాట మెయిడ్‌షన్, అంటే అమ్మాయి. తెలుగులో ‘మృత్యువు-కన్య’ అని రాసినవాళ్ళున్నారు. కన్య అనగానే ఒక పరీక్ష పెట్టినట్టే. ‘యువతి’ పాఠ్యపుస్తకం మాట, నేనూ అదే వాడుతున్నాను, వేరే దిక్కు లేక. మావైపు మాట ‘పిల్ల’. ‘చావూ పిల్లా’ అంటే సరిగ్గా సరిపోతుంది, కానీ అలా అంటే ఎవరికీ గొప్ప కళాఖండం అనిపించదు. ఏదో ఊళ్ళో జరిగిన సంగతిలా ఉంటుంది.

షీలె కంటే నాలుగు వందల ఏళ్ళ ముందు నుంచీ జర్మన్ దేశాల్లో ఈ వస్తువు ఉంది. హాన్స్ బాల్డుంగ్ గ్రీన్ బొమ్మల్లో అస్థిపంజరం వెనకనుంచి వచ్చి అందమైన నగ్న యువతిని పట్టుకుంటుంది. నీతి ఏమిటంటే అందం అశాశ్వతం. అశాశ్వతమని చెప్పడానికే అయినా ఆ అందాన్ని తనివితీరా చూపిస్తారు. ‘మృత్యువూ యువకుడూ’ అన్నది మాత్రం అంత పెద్ద సంప్రదాయంగా ఎదగలేదు. షీలె చేసిన కొత్త పని ఒకటుంది, దాన్ని కాదనలేను. అతను అస్థిపంజరాన్ని తీసేసి ఆ చోట తనే నిలబడ్డాడు. మృత్యువుకి తన ముఖం పెట్టాడు. నేను చేసింది ఇదీ అని ఒప్పుకోవడంలాంటిది అది. ఆ ముఖంలో గెలుపు లేదు, దొరికిపోయినవాడి చూపు ఉంది. ఆ నిజాయితీ వల్లే ఈ బొమ్మ నన్ను ఇంకా వదలదు. తన తప్పుని అంత సూటిగా చూడగలిగినవాడు ఆమెని మాత్రం ఎందుకు చూడలేకపోయాడా అన్నదే నా పేచీ.

మన దగ్గర ఇది లేదనుకోకూడదు. చావునే ఎదిరించి వాదించిన సావిత్రి ఉంది, నిజమే. ఆమె వాదించింది భర్త ప్రాణం కోసం. పేరంటాళ్ళు ఉన్నారు. మా కనిగిరి, పామూరు వైపు నుంచి జనం నెల్లూరు జిల్లా నర్రవాడ వెంగమాంబ పేరంటాలు ఉత్సవాలకి బండ్లు కట్టుకుని పోయేవాళ్ళు, ఇప్పుడు ఆటోల్లో, వ్యాన్లలో పోతారు. అగ్నిప్రవేశం చేసిందని ఆమె కథ. నేనూ చిన్నప్పుడు మా అమ్మతో పోయాను. పసుపు, కుంకుమ, గాజులు. అక్కడికొచ్చే ఆడవాళ్ళ నమ్మకాన్ని తేలిగ్గా మాట్లాడను, సంతానం కోసమో, జబ్బు తగ్గడానికో, ఇంకెక్కడా చెప్పుకోలేనివి చెప్పుకోవడానికో వస్తారు. కానీ ఒక పిల్ల అకాలంగా పోతే ఆ పోవడానికి కారణాలు వెదకడం కంటే ఆమెని దేవతని చేయడం మనకి సులువైంది. అక్కడ గుడి కట్టారు. వియన్నాలో పేరు మార్చారు. బతికున్నప్పుడు ఆ పిల్ల ఏమందో రెండుచోట్లా పక్కకి పోయింది.

ఇక్కడ కేథే కోల్విట్జ్ దగ్గరికి వెళ్ళాలి. షీలెకి సమకాలికురాలు, వయసులో పెద్దది, 1867లో పుట్టింది. భర్త బెర్లిన్‌లో కార్మికవాడలో డాక్టరు. ఆయన దగ్గరికొచ్చే ఆడవాళ్ళని, వాళ్ళ చంకల్లోని పిల్లల్ని చూస్తూ గీసింది. ఆమెని ఎక్స్‌ప్రెషనిస్టుల్లో చేర్చాలా వద్దా అని పండితులకి తగాదా ఉంది, నాకు లేదు. 1903లో ఆమె చేసిన ఎచింగ్ ‘చనిపోయిన బిడ్డతో స్త్రీ’. ఒక తల్లి బాసిపట్టు వేసుకుని కూర్చుని, పోయిన బిడ్డని తన ఒంటికి అదుముకుంటోంది. బట్టలు లేవు, అందం లేదు, నీతి లేదు. జంతువు తన పిల్లని వాసన చూస్తున్నట్టు బిడ్డ గుండెలో ముఖం దూర్చింది. మోకాలు, పాదం, చెయ్యి అన్నీ బండరాళ్ళలా ఉన్నాయి. దానికి మోడల్ ఎవరు? ఆమే. ఏడేళ్ళ కొడుకు పీటర్‌ని ఒళ్ళో పెట్టుకుని అద్దం ముందు కూర్చుని గీసుకుంది. పదకొండేళ్ళ తర్వాత, 1914 అక్టోబర్‌లో, పద్ధెనిమిదేళ్ళ పీటర్ బెల్జియం యుద్ధభూమిలో చనిపోయాడు. మైనరు కాబట్టి సైన్యంలో చేరడానికి తండ్రి అనుమతి కావలసి వచ్చింది, ఆయన మొదట ఒప్పుకోకపోతే కొడుకు తరఫున మాట్లాడింది తల్లే. ఆ కొడుకు జ్ఞాపకంగా శోకిస్తున్న తల్లిదండ్రుల శిల్పాలు పూర్తి చేయడానికి 1932 దాకా పట్టింది. 1934 నుంచి 1937 మధ్య ‘మృత్యువు’ పేరుతో ఎనిమిది లిథోగ్రాఫులు చేసింది. వాటిలో ఒకదాంట్లో ఒక అమ్మాయి మృత్యువు ఒళ్ళో తల పెట్టుకుని ఉంటుంది. చివరిదాంట్లో ముసలి ఆడమనిషిని ఒక చెయ్యి భుజం మీద తడుతుంది. ఆ ముసలామె ముఖం కోల్విట్జ్‌దే.

రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాను, టేబుల్ మీద, ఒక రాత్రి. రెండూ కౌగిలింతలే. రెండింటిలోనూ యవ్వనమో బాల్యమో చావుకి ఆనుకుని ఉంది. షీలె బొమ్మలో కౌగిలిలో చిక్కుకున్నవాడు గీశాడు. కోల్విట్జ్ బొమ్మలో కౌగిలించుకున్న మనిషే గీసింది. అందుకే చేతులు వేరుగా ఉన్నాయనిపించింది. పట్టుకున్న మనిషికి తన చేతుల్లో ఎంత బలం ఉందో తెలుసు, ఎక్కడ నొప్పి పుడుతోందో తెలుసు. కోల్విట్జ్ గీసిన ఆ చెయ్యి ఊడదు. అవతలివాడికి తెలిసేది ఆ చేతులు తనని ఎంత తేలిగ్గా వదలగలవన్నదే. కొక్కెంలా తగులుకున్న ఆ వేళ్ళు ఆమె బలహీనత కాదేమో, అతని ఆశేమో. కొంచెం కదిలితే చాలు, ఊడిపోతాయి, ఎవరికీ ఎక్కువ నొప్పి ఉండదు.

స్త్రీ గీస్తే నిజం, పురుషుడు గీస్తే అబద్ధం అని నేననడం లేదు. కోల్విట్జ్ తల్లి కూడా మనకి కొంత ఇబ్బందే. శోకించే తల్లి అన్న ప్రతిమని ప్రభుత్వాలు తమ యుద్ధ స్మారకాల్లో ఎంత సులువుగా వాడుకుంటాయో తెలిసిందే. పైగా బొమ్మ వెయ్యడానికి అద్దం, రాగిరేకు, ఆసిడ్, వెలుతురున్న గది ఉండాలి. వాలీకి అవి లేవు. తన కౌగిలిని తను గీసుకునే వీలు ఆమెకి ఏ పూటా రాలేదు. ఆమె ముఖం మాత్రం తిరిగింది. షీలె 1912లో వేసిన ‘వాలీ చిత్రం’ని, లీయా బోండి అనే యూదు స్త్రీ సొంత ఆస్తిని, ఆస్ట్రియా నాజీల చేతిలోకి పోయాక ఒక నాజీ వ్యాపారి లాక్కున్నాడు. 1998లో న్యూయార్క్‌లో ప్రదర్శనకి వచ్చినప్పుడు దాని మీద కేసు మొదలైంది. లీయా బోండి 1969లోనే చనిపోయింది. 2010లో ఆమె వారసులకి ఒక కోటీ తొంభై లక్షల డాలర్లు ఇచ్చి లియోపోల్డ్ మ్యూజియం ఆ బొమ్మని నిలుపుకుంది. 2015లో అదే మ్యూజియం వాలీ జీవితం మీద ఒక ప్రదర్శన పెట్టింది. చనిపోయి తొంభై ఎనిమిదేళ్ళకి.

ఇదంతా రాస్తుంటే మా చిన్నత్త గుర్తొస్తోంది. గుర్తొస్తోందనడం కూడా అబద్ధమే, మొదటి నుంచీ ఆమె గురించే రాస్తున్నాను. మా నాన్నకి ఆఖరి చెల్లెలు. 1980ల మొదట్లో మార్కాపురం పలకల షెడ్డులో పనిచేసేది. అప్పట్లో దేశంలో ఎక్కడ పిల్లలు అఆలు దిద్దినా ఆ పలక మీద మా ఊరి రాయి ఉండే అవకాశం ఎక్కువ. మగవాళ్ళు క్వారీలోనూ మిషన్ల దగ్గరా ఉంటే, ఆడవాళ్ళు పలకలు రుద్దడం, చట్రాలు బిగించడం. సాయంత్రం ఇంటికొస్తే రెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము. నేను పలక మీద రాసుకుంటుంటే “ఇది నేను రుద్దిందేనే” అనేది, అయినా కాకపోయినా. ఆ కూలి డబ్బులో కొంత ఆమె బావ టీచరు ట్రైనింగుకి పోయింది. చేసుకుంటాడనే అందరూ అనుకున్నారు. ఉద్యోగం వచ్చాక ఒంగోలులో స్థలం ఇచ్చే సంబంధం కుదిరింది. లాభసాటి. ఇంట్లో పెద్ద గొడవేం జరగలేదు. గిద్దలూరులో పెళ్ళికి అందరం పోయాం, ఆమె కూడా వచ్చింది, పందిట్లో వడ్డించింది కూడా.

ఆ తర్వాత మార్కాపూర్ రోడ్ స్టేషన్‌లో మీటర్ గేజి రైలెక్కి గుంటూరు పోయి ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేరింది. “వాడు వదిలేస్తే పిచ్చెత్తి పోయింది” అని ఊళ్ళో అన్నారు. ఆమె సెలవులకొచ్చినప్పుడు ఇంజెక్షన్ ఎట్లా ఇస్తారో, పురుడు ఎట్లా పోస్తారో చెబుతుంటే మా అమ్మ నోరు తెరుచుకుని వినేది. బావ మాట ఒక్కసారి కూడా వినలేదు నేను. ముప్పై ఒకటో ఏట దగ్గుతో తిరిగొచ్చింది. టీబీ అన్నారు, మందులు వాడారు, తగ్గలేదు. పలకల దుమ్ము పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని గట్టిపరుస్తుందనీ, ఆ జబ్బు చాలాసార్లు టీబీలా కనిపిస్తుందనీ నేను చదువుకున్నది చాలా ఏళ్ళ తర్వాత. ఆమెకి వచ్చింది అదేనని ఇప్పుడు చెప్పడానికి ఏ కాగితమూ లేదు. ఊళ్ళో మాత్రం “ఆ దిగులుతోనే పోయింది” అని తేల్చేశారు. నేనూ చాలా కాలం అదే నమ్మాను. లైబ్రరీలో ఆ బొమ్మ చూసి ఏడ్చింది అందుకే అయి ఉంటుంది. దిగులుతో పోయిన పిల్ల ఎంత అందంగా ఉంటుందో ఆ బొమ్మ నాకు చూపించింది. రైలెక్కిన పిల్లని చూపించలేదు.

మళ్ళీ క్లాసులో ఆ జిరాక్సు తీసినప్పుడు కోల్విట్జ్‌ది కూడా తీసుకెళ్ళాను. రెండూ చూసి పొదిలి అమ్మాయి ఏమీ అనలేదు. పక్కనున్న కొమరోలు పిల్ల షీలె బొమ్మ మీద వేలు పెట్టి, “ఈయన తోస్తున్నాడు మేడమ్, ఖాయంగా” అంది. వెనక బెంచీలో ఇంకో అమ్మాయి, “తొయ్యనీ, ఈమెకి లేచి పోవడానికి కాళ్ళు లేవా” అంది. అందరూ నవ్వారు, కొందరు చెయ్యి అడ్డం పెట్టుకుని. అది విమర్శ కాదా అంటే, నేను ఇన్ని పేజీల్లో చెప్పడానికి తంటాలు పడుతున్నది అదే.

చిన్నత్తది ఒకే ఒక్క ఫొటో ఉంది మా ఇంట్లో. మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్ళలో డేరా వేసుకున్న స్టూడియో అతను తీసింది. వెనక గుడ్డ మీద సరస్సు, హంసలు. మా నాన్న, మేనత్తలు, పిల్లలం అందరం వరసలో ఉన్నాం, అందరి చేతులూ పక్కలకి ఉన్నాయి. ఆమె చేతులు మాత్రం పైట కొంగులో చుట్టుకుని ఉన్నాయి. పలకలు రుద్ది పగిలిపోయిన చేతులని దాచుకుందని అనుకునేదాన్ని. ఈ మధ్య నాన్నని అడిగాను. ఆయనకి జ్ఞాపకం ఉంది. ఫొటో తీసేవాడు చేతులు కిందికి దించమ్మా, బాగా రాదు అని రెండుసార్లు చెప్పాడట. “తియ్యవయ్యా, ఇట్టనే తియ్యి” అందట.